షెడ్డులో ఆగిపోయిన అంబాసిడర్‌ని మళ్ళీ రోడ్డెక్కించడం ఎలా? టార్పాలిన్ తీసిన రోజు నుంచి వింటేజ్ ర్యాలీ దాకా

మన ఊళ్ళలో ఇప్పటికీ కొన్ని ఇళ్ళ వెనక ఒక రేకుల షెడ్డు, అందులో ధాన్యం బస్తాలు, కాళ్ళు విరిగిన మంచం, వాటి వెనక టార్పాలిన్ కప్పిన ఒక గుండ్రటి ఆకారం కనిపిస్తాయి. టార్పాలిన్ ఎత్తితే అంబాసిడర్. తాతగారు పోయాక ఎవరూ ముట్టుకోలేదు, అమ్మడానికి మనసొప్పలేదు, నడపడానికి ధైర్యం చాలలేదు. మా పెదనాన్న బండి అలాగే పద్దెనిమిదేళ్ళు నిలబడిపోయింది. 1974 నాటి మార్క్ 2 మోడల్ అది. దాన్ని మళ్ళీ నడిపించే పనిలో నేను సరిగా చేసినవీ తప్పు చేసినవీ కలిపి, ఏది ముందు చేయాలో ఏది తర్వాతో ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర ఫియట్ గానీ, ప్రీమియర్ పద్మిని గానీ, స్టాండర్డ్ హెరాల్డ్ గానీ ఉన్నా పద్ధతి దాదాపు ఇదే.

మొదట: సెల్ఫ్ కొట్టకండి

బండి కనపడగానే అందరికీ వచ్చే మొదటి ఆలోచన కొత్త బ్యాటరీ తెచ్చి ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామని. దయచేసి ఆగండి. ఏళ్ళ తరబడి కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు గోడకు పట్టేసి ఉండొచ్చు. వాల్వులు గైడ్లలో బిగుసుకుని ఉండొచ్చు. ఆ స్థితిలో సెల్ఫ్ మోటారు బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, పుష్‌రాడ్ వంగుతుంది. పదిరోజుల ఓపికతో అయ్యే పని పూర్తి ఇంజిన్ పని అయి కూర్చుంటుంది.

మొదటి రోజు చేయాల్సింది చూడటం, ఫొటోలు తీయడం. బండి నాలుగు వైపులా, బానెట్ కింద, డ్యాష్‌బోర్డు, డిక్కీ, సీట్ల కింద, చివరికి వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో కూడా తీసి పెట్టుకోండి. విప్పేటప్పుడు అన్నీ గుర్తుంటాయనిపిస్తుంది, బిగించేటప్పుడు ఒక్కటీ గుర్తుండదు. చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడండి. ఎలుకల గూళ్ళు, కందిరీగల పట్లు తప్పకుండా ఉంటాయి, పల్లెటూరి షెడ్డయితే పాము కూడా ఉండొచ్చు. ఎయిర్ క్లీనర్ లోపల, సైలెన్సర్ గొట్టంలో కూడా చూడాలి.

ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు తుప్పు తుడిచి స్పష్టంగా ఫొటో తీయండి. తర్వాతి పని అంతా ఆ రెండు నంబర్ల మీదే నడుస్తుంది.

కాగితాలు: రిపేరు కన్నా ముందు

చాలామంది బండి మీద లక్షలు పెట్టాక ఆర్సీ కోసం వెతుకుతారు. నా మాట వినండి, ఒక్క పానా తిప్పకముందే కాగితాల సంగతి తేల్చుకోండి. పాత ఆర్సీ పుస్తకం మీద నంబర్లు, బండి మీద నంబర్లు ఒకటేనా చూడండి. మధ్యలో ఎవరైనా ఇంజిన్ మార్చి ఉంటే, అది ఆర్సీలో ఎక్కిందా లేదా చూడండి.

యజమాని కాలం చేసి ఉంటే వారసుల పేరు మీదకు మార్చడానికి ఫారం 31 ఉంటుంది. దానితో మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం అడుగుతారు. అన్నదమ్ముల మధ్య మాట పట్టింపులు లేనప్పుడే ఈ సంతకాలు తీసుకోవడం మంచిది. ఆర్సీ పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు చేసి ఫారం 26తో డూప్లికేట్ అడగాలి. పాత కాలపు నంబరు, అంటే మూడు ఇంగ్లిషు అక్షరాల తర్వాత అంకెలున్నది, కంప్యూటర్‌లో లేకపోతే ఆర్టీఏ ఆఫీసులో పాత రిజిస్టరు చూసి ఆ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించమనండి. దీనికి నాలుగైదు సార్లు తిరగాల్సి రావచ్చు. టెన్షన్ పడకుండా ఒక ఫైలు పెట్టుకుని, వెళ్ళిన ప్రతిసారీ ఎవరు ఏమడిగారో తేదీతో రాసుకోండి.

ఇక అసలు నిర్ణయం. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు. ఆ తర్వాత ఫారం 25తో ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి, బండి ఫిట్‌నెస్ చూపించాలి, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఇది ఒక దారి. రెండో దారి, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉన్న టూవీలర్లు, కార్లు ఇందులోకి వస్తాయి. ఫారం 20తో దరఖాస్తు, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు, తర్వాత రెన్యూవల్‌కు 5,000 రూపాయలు. కొత్తగా రిజిస్టరయ్యే వాటికి రాష్ట్రం కోడు తర్వాత ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు. నాకైతే ఇది చాలా పెద్ద విషయం. ఊళ్ళో వాళ్ళు పెదనాన్నని గుర్తుపట్టింది ఆ నంబరుతోనే కదా.

అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని ఎప్పుడు పడితే అప్పుడు తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించడం, రిపేరు, వీటికే రోడ్డెక్కాలి. కిరాయికి అసలు తిప్పకూడదు. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని గుడికి వెళ్ళాలన్నది మీ కోరికైతే మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యూవల్ చేయించుకోండి. నేను ఆ దారే ఎంచుకున్నాను. దేనికైనా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

బండిని బయటికి తేవడం

నాలుగు టైర్లలో గాలి కొట్టి చూడండి, నిలవకపోతే ఎవరిదైనా చక్రం అడిగి తెచ్చుకోండి. ఈ బండ్ల పాత కొలత 5.90-15. లాగే ముందు ప్రతి చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. తిరక్కపోతే బ్రేక్ షూలు డ్రమ్ముకు పట్టేశాయన్నమాట. డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టండి, అడ్జస్టర్ వెనక్కి తిప్పండి. ట్రాక్టరుకు తాడు కట్టి బలవంతంగా ఈడ్చవద్దు.

పెట్రోలు ట్యాంకు

పాత పెట్రోలు వార్నిష్‌లా ఘాటు వాసన వేస్తుంది, అడుగున జిగురు పేరుకుని ఉంటుంది. మొత్తం తీసేయండి, దాన్ని మళ్ళీ వాడొద్దు. ట్యాంకు దించి, గుప్పెడు చిన్న నట్లు వేసి కిరోసిన్‌తో కుదిపి కడిగితే లోపలి తుప్పు రాలుతుంది. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. ట్యాంకుకు చిల్లి ఉంటే మామూలు వెల్డింగు షాపుకు తీసుకెళ్ళకండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, నిప్పు తగిలితే పేలుతుంది. పెట్రోలు ట్యాంకులు ఆవిరి పట్టి శుభ్రం చేసి అతికే పనివాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

రబ్బరు పైపులన్నీ మార్చేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు, కార్క్ ప్యాకింగులు, పంపు డయాఫ్రం దానికి మెత్తబడి పాడవుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీలుస్తుంది కాబట్టి ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచితే అడుగున నీళ్ళు చేరి తుప్పు మొదలవుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు అడిగి తీసుకోండి, ట్యాంకుకూ పంపుకూ మధ్య ఒక చిన్న ఫిల్టరు పెట్టండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇంజిన్‌లోకి వెళ్ళే పెట్రోలు-గాలి మిశ్రమం కాస్త పలచబడుతుంది, ఇంజిన్ దగ్గినట్టు చేస్తుంది. ఎస్‌యూ రకం కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) అయితే కింద జెట్ నట్టును కొంచెం రిచ్ వైపు, అంటే పెట్రోలు ఎక్కువయ్యేలా, తిప్పితే సర్దుకుంటుంది. దాని పైన చిన్న గొట్టంలా ఉండే డ్యాష్‌పాట్‌లో పలచటి ఆయిల్ పోయడం మరిచిపోకండి, అది ఎండిపోతే యాక్సిలేటర్ తొక్కగానే బండి తడబడుతుంది.

ఇంజిన్‌ని మేల్కొలపడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. తొందర పడకూడదు.

ఇంజిన్ అడుగున ఆయిల్ దించే ప్లగ్గు మెల్లగా వదులు చేయండి. ముందు నీళ్ళు వస్తే లోపలికి నీరు దిగిందని అర్థం, ఎందుకంటే నీరు ఆయిల్ కన్నా బరువు. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగం (హెడ్) కింద ఉండే ప్యాకింగు, సంగతి చూడాల్సి ఉంటుంది. పాత ఆయిల్ తీసేసి, ఫిల్టరు మార్చి, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి, సుమారు నాలుగు లీటర్లు పడుతుంది. ఇప్పటి కార్లకు వాడే పలచటి సింథటిక్ ఆయిల్ ఈ ఇంజిన్‌కు పనికిరాదు.

తర్వాత స్పార్క్ ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము ఊది, నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్, డీజిల్ కలిపి పోయండి. గుడ్డ కప్పి మూడు రోజులు వదిలేయండి. బాగా పట్టేసిన ఇంజిన్ అయితే వారం కూడా పడుతుంది, మధ్యమధ్యలో మళ్ళీ పోస్తుండాలి.

తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు నుంచి స్టార్టింగ్ హ్యాండిల్ వేసి చేత్తో తిప్పండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి బిగించి పట్టుకోకూడదు. ఇంజిన్ ఎదురు తన్నితే అలా పట్టుకున్న బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. పూర్వం డ్రైవర్లకు మొదట నేర్పింది ఇదే. ప్లగ్గులు లేనప్పుడు ఎదురు తన్నదు గానీ, అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

హ్యాండిల్ వేలెడంత కదిలినా చాలు, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పోండి. పొడవాటి గొట్టం తగిలించి బలం చూపించొద్దు. పూర్తి చుట్టు తిరిగాక ఇంజిన్ పైనున్న రాకర్ కవరు తీసి, మీద ఆయిల్ పోసి, తిప్పుతూ ఎనిమిది వాల్వులూ లేచి దిగుతున్నాయేమో ఒక్కొక్కటిగా చూడండి. లేచిన వాల్వు దిగకపోతే అక్కడ ఆపి, స్ప్రింగు మీద చెక్కతో తడుతూ ఆయిల్ వేస్తూ వదిలించండి. మా బండిలో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు ఇలా ఇరుక్కుంది. రెండు రోజులు తీసుకుంది, మూడో రోజు ‘టక్’మని దిగింది. ఆ చప్పుడు విన్నప్పటి సంతోషం నాకింకా గుర్తుంది.

కొలతలు చెప్తాను. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజిన్. ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) 0.015 అంగుళం, ప్లగ్గు గ్యాప్ 0.025 అంగుళం, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ కూడా 0.015 దరిదాపుల్లోనే. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2. ప్లగ్గు వైర్లు తారుమారైతే ఎంత తిప్పినా స్టార్ట్ కాదు, కార్బురేటర్ నుంచి మంట కొడుతుంది.

ఇంకో సంగతి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగిపోయింది. ఆ సీసమే పాత ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటును అరిగిపోకుండా కాపాడేది. అప్పుడప్పుడు నెమ్మదిగా నడిపే బండికి ఇది పెద్ద బెంగ కాదు, ట్యాపెట్లు మాత్రం తరచూ చూడాలి. క్లియరెన్స్ మాటిమాటికీ తగ్గిపోతుంటే సీటు అరుగుతోందని అర్థం. ఎప్పుడైనా హెడ్ దించితే గట్టి ఉక్కు సీట్లు వేయించండి.

కరెంటు, నీళ్ళు

బ్యాటరీ తగిలించే ముందు ఏ తీగ బాడీకి బిగించి ఉందో చూడండి. పాత బ్రిటిష్ రకం బండ్లలో కొన్నిటికి ప్లస్ బాడీకి ఉంటుంది, మనం అలవాటుగా మైనస్ బిగిస్తే డైనమో, దాని ఛార్జింగ్‌ను అదుపు చేసే కటౌట్ దెబ్బతింటాయి. వైర్ల పైపొర వేలితో నొక్కితే రాలిపోతుంటే అతుకులు వేయొద్దు, మొత్తం వైరింగ్ కొత్తది కట్టించండి. బ్యాటరీకి ఒక కట్-ఆఫ్ స్విచ్ పెట్టించడం ఈ బండి మీద మీరు పెట్టే అతి మంచి ఖర్చు. ఇంజిన్ ఆగి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయొద్దు, కాయిల్, పాయింట్లు మాడతాయి.

రేడియేటర్‌ను నీళ్ళు తిరగేసి, అంటే కింది నుంచి పైకి వచ్చేలా కొట్టి కడగాలి. ఎర్రటి బురద పోయేదాకా కడగండి. హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు కొత్తవి. బోరు నీళ్ళు పోయకండి, మన దగ్గర సున్నం, ఫ్లోరైడ్ ఎక్కువ. శుద్ధి చేసిన నీళ్ళు, తుప్పు పట్టనివ్వని కూలెంట్ పోయండి.

బ్రేకులు: కదిలే ముందు

ఈ వరుసలో నాకు గట్టి పట్టుదల ఉన్నది ఇక్కడే. ఇంజిన్ స్టార్ట్ అయిన ఆనందంలో నేను బండిని ఇంటి ముందు వీధిలోకి తీశాను. పెడల్ గట్టిగానే ఉందనిపించింది. మలుపు దగ్గర రెండోసారి తొక్కితే నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగి, ఇసుక కుప్పలోకి పోనిచ్చి ఆపాను. వీధిలో పిల్లలు లేకపోవడం నా అదృష్టం. తర్వాత మా ఊరి పాత మెకానిక్ వచ్చి చూసి, “ఇంజిన్ సంగతి తర్వాత బాబూ, ముందు నాలుగు చక్రాలూ విప్పు” అన్నాడు.

పాత అంబాసిడర్లలో నాలుగు డ్రమ్ముల బ్రేకులకూ కలిపి ఒకటే లైను. ఎక్కడ ఒక్క వీల్ సిలిండర్ కారినా నాలుగూ పోతాయి. నిలబడిన బండిలో బ్రేకు ఆయిల్ తేమ పీల్చి సిలిండర్లను లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది, రబ్బరు కప్పులు గట్టిపడతాయి. కాబట్టి మాస్టర్ సిలిండర్, అన్ని వీల్ సిలిండర్లు విప్పి, గుంటలు పడినవి మార్చి, రబ్బర్లన్నీ కొత్తవి వేయండి. బయటికి బాగానే కనపడే హోస్ పైపులు లోపల ఉబ్బి మూసుకుపోతాయి, తొక్కితే బ్రేకు పడుతుంది గానీ వదలదు. అవి కూడా మార్చాల్సిందే. ఇనుప పైపుల మీద తుప్పు గీకి చూడండి. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ పోసి, దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి పైపుల్లోని గాలి తీయండి. రెండేళ్ళకోసారి ఆ ఆయిల్ పూర్తిగా మార్చండి. ఇంజిన్ ఆయిల్ గానీ డీజిల్ గానీ ఒక్క చుక్క ఇందులో పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ములోని ఆ పొడిని గాలితో ఊదవద్దు, తడిగుడ్డతో తుడిచి కవరులో కట్టి పారేయండి. మాస్కు వేసుకోండి.

బ్రేకులయ్యాక గ్రీజు గన్ పట్టుకుని బండి కిందికి దూరండి. స్టీరింగు, ముందు సస్పెన్షన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, ఎక్కడ గ్రీజు కొట్టే నిపుల్ కనపడినా పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. వెనక కమాన్ కట్టల మధ్య తుప్పు తీయించి బుష్షులు మార్పించండి. టైర్లు పైకి ఎంత మెరిసినా పదేళ్ళు దాటితే నమ్మొద్దు.

మొదటి స్టార్ట్

ప్లగ్గులు విప్పి ఉండగానే సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ వచ్చిందని మీటరు గానీ లైటు గానీ చెప్పేదాకా తిప్పండి. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించండి. పక్కన అగ్నిమాపక సిలిండరు, ఒక మనిషి ఉండాలి. షెడ్డు బయట, గాలి తగిలే చోట చేయండి. స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు తెల్ల పొగ, నల్ల పొగ, మీరు పోసిన ఆయిల్ నీలి పొగ అన్నీ వస్తాయి, భయపడకండి. చూడాల్సింది ఆయిల్ ప్రెషర్, నీళ్ళ వేడి, పెట్రోలు కారుతోందా అన్నవే. గంట నడిచాక ఆ ఆయిల్ మళ్ళీ మార్చేయండి, కడిగిన మురికంతా అందులోనే ఉంటుంది.

విడిభాగాలకు విజయవాడ ఆటోనగర్‌లో ముందు వెతకండి. దొరకని వాటికి కలకత్తా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ ఉన్నాయి. అంబాసిడర్ పుట్టింది కలకత్తా పక్కన ఉత్తరపాడాలోని హిందుస్థాన్ మోటార్స్‌లో. ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చుతో 1957లో మొదలై 2014 మే దాకా అక్కడే తయారైంది. ఆ ఊరి పసుపు ట్యాక్సీలు ఎన్నో ఏళ్ళు ఇవే కాబట్టి సామాను అక్కడ ఎక్కువ. ఒక జాగ్రత్త. మార్క్ 2 సామాను అడిగితే తర్వాతి మోడళ్ళవి అంటగడతారు. పాత ముక్కను చేత్తో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

బాడీ: ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది

ఇది నా పశ్చాత్తాపం. ఇంజిన్, బ్రేకులు అయ్యాక ఒక టింకరింగ్ షాపులో బండి ఇచ్చి “కొత్తదానిలా చేయండి” అన్నాను. వాళ్ళు అలాగే చేశారు. పాత రంగంతా గీకేసి, మెరిసే తెలుపు కొట్టారు. వెనక అద్దం మీద బండి అమ్మిన డీలరు చిన్న స్టిక్కరు, డ్రైవరు తలుపు లోపల పెదనాన్న పెన్సిలుతో రాసుకున్న సర్వీసు తేదీలు, ఎడం బంపరు దగ్గర అక్క పెళ్ళికి పడిన సొట్ట, అన్నీ పోయాయి. తర్వాత బండి చూసిన పెద్దమ్మ “బాగుంది” అంది గానీ, చేత్తో ఆ సొట్ట కోసం తడుముకుంది. రంగు మళ్ళీ ఎప్పుడైనా వేయించుకోవచ్చు. తీసేసిన పాత రంగు మళ్ళీ రాదు.

అందుకని, ముందు తుప్పు ఎక్కడుందో తేల్చండి. ఈ బండికి విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి తలుపుల కింది పెట్టెలు, ఫ్లోరు, వెనక కమాన్లు తగిలించే చోట్లు గట్టిగా ఉండాలి. అక్కడ తుప్పు పడితే కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాల్సిందే, అందులో మొహమాటం వద్దు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం బాడీ అంతా పెట్టి చూడండి, అంటుకోని చోట లప్పం మందంగా ఉంది.

మిగతాది వదిలేయండి. వెలిసిన రంగును సబ్బు నీళ్ళతో కడిగి, రబ్బింగ్ కాంపౌండ్‌తో నెమ్మదిగా రుద్ది, వ్యాక్స్ పెడితే పాత రంగు ఎంత బాగా తేరుకుంటుందో మీరే చూస్తారు. రెక్సిన్ సీట్లు చిరిగిన చోట కుట్టించండి, మొత్తం మార్చొద్దు. అల్లాయ్ చక్రాలు, నల్ల ఫిల్ములు, పాట పాడే హారన్లు వద్దు. తప్పనిసరిగా ఏదైనా మార్చాల్సి వస్తే పాత ముక్కను చీటీ కట్టి ఒక పెట్టెలో దాచండి. మార్క్ 2ను గుర్తుపట్టేది దాని చదరాల గ్రిల్‌తోనే. చాలామంది తర్వాతి మోడల్ గ్రిల్ వేసి ఆ ముఖాన్నే పోగొట్టుకున్నారు.

క్లబ్బులో చేరడం, ర్యాలీకి వెళ్ళడం

వింటేజ్, క్లాసిక్ అనే మాటలు ఒక్కో చోట ఒక్కో అర్థంతో వాడతారు. ఇంగ్లండులో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 మధ్యవి. మన చట్టంలో 50 ఏళ్ళు దాటినవి. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా లెక్కలో 30 ఏళ్ళు దాటి, రోజువారీ వాడకంలో లేకుండా, అసలు రూపంలో కాపాడినవన్నీ చారిత్రక వాహనాలే. మన అంబాసిడర్లను క్లబ్బులు ఎక్కువగా క్లాసిక్ తరగతిలో పెడతాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసొచ్చి మన బండి ఎక్కడ అని చిన్నబుచ్చుకోకండి. అది ఒక్క ఇంటి బండి. అంబాసిడర్‌లో డాక్టరుగారు రాత్రిపూట కాన్పుకు వెళ్ళారు, కలెక్టరుగారు వరద చూడ్డానికి వెళ్ళారు, పెళ్ళికొడుకు విడిదింటికి వెళ్ళాడు. ర్యాలీలో జనం దగ్గరికొచ్చి చెయ్యి వేసేది దీని మీదే.

క్లబ్బులో చేరే ముందు ఒక ఆదివారం వాళ్ళ కలయికకు ఊరికే వెళ్ళి చూడండి. సభ్యులు ఒకరి బానెట్ కింద ఒకరు చేతులు నల్లగా చేసుకుంటుంటే చేరిపోండి. విడిభాగాలు, మంచి మెకానిక్‌లు, ఆర్టీఏ పనుల అనుభవం, అన్నీ అక్కడే దొరుకుతాయి. సభ్యత్వం పత్రంలో బండి సంవత్సరం, నంబర్లు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఇంజిన్ మార్చి ఉంటే అదీ చెప్పండి.

ర్యాలీలో చాలా వాటికి వేగంతో పని లేదు. 1964 నుంచి ఢిల్లీలో జరుగుతున్న స్టేట్స్‌మన్ ర్యాలీ లాంటివైనా, మన దగ్గర చలికాలం ఆదివారం పొద్దున జరిగే చిన్నవైనా, చూసేది బండి అసలు రూపు, పరిస్థితి, చెప్పిన దూరం ఆగకుండా వెళ్ళిందా అన్నది. న్యాయనిర్ణేతలు బానెట్ ఎత్తుతారు, డిక్కీలో జాకీ, హ్యాండిల్, టూల్ కిట్ ఉన్నాయా అడుగుతారు. బండి కథ ఒక పేజీలో రాసి, పాత ఫొటోతో పాటు ముందు సీటు మీద పెట్టండి.

ముందు వారం యాభై కిలోమీటర్లు నడిపి చూడండి. వెంట తీసుకెళ్ళాల్సినవి: స్టెప్నీ, ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సర్, రెండు ప్లగ్గులు, హోస్ క్లిప్పులు, అయిదు లీటర్ల నీళ్ళు, ఆయిల్ డబ్బా, ఇన్సులేషన్ టేపు, మంటలార్పే సిలిండరు, కాగితాలన్నీ. ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పెట్రోలు పంపు దగ్గరే ఆవిరై ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు తడిగుడ్డ పంపు మీద వేసి పావుగంట ఆగితే మళ్ళీ నడుస్తుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. ముందు బండికి బాగా దూరం ఉంచండి. వెనక వచ్చేవాళ్ళకు మీ బ్రేకులు 1974 నాటివని తెలియదు కాబట్టి కిటికీలోంచి చెయ్యి చూపించే అలవాటు కూడా చేసుకోండి.

ఇంటికొచ్చాక బ్యాటరీ కట్-ఆఫ్ తిప్పి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. బ్రేకు లాగి ఉంచితే షూలు మళ్ళీ పట్టేస్తాయి. ప్లాస్టిక్ కవరు కాకుండా నూలు గుడ్డ కప్పండి, లోపల తేమ నిలవదు. తర్వాత ప్రతి పదిహేను రోజులకూ ఒకసారి అరగంట రోడ్డు మీద నడపండి. నిలబెట్టి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం కన్నా అసలు స్టార్ట్ చేయకపోవడమే నయం, ఎందుకంటే వేడెక్కని ఇంజిన్‌లో చేరిన నీటి ఆవిరి ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ ఉండిపోతుంది. నడిపిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఏం చేశారో ఒక పుస్తకంలో రాయండి. నేను ఇప్పుడు డ్రైవరు తలుపు లోపల పెన్సిలుతోనే రాస్తున్నాను.